పసుపు మాత్ర వెనుక మన తెలుగు డాక్టరు



ఈసారి మన గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. పోయినసార్లు మనవాళ్ళు కొమురం భీం గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి, అబ్దుల్ కలాం గురించి బాగ రాసిండ్రు. నేను ఒక డాక్టరు గురించి రాస్తున్న. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చనిపోయి డెబ్బై ఏండ్లు దాటింది. అయినా రోజూ పొద్దున ఆయన చేసిన పని నా అరచేతిల ఉంటది. అదెట్లనో చెప్తా.

ముందుగాల నా సంగతి ఒకటి చెప్పాలె. నాకు సికిల్ సెల్ జబ్బు ఉన్నది. ఇది సిగ్గుపడే ముచ్చట కాదని మా బయాలజీ సారు చెప్పినంక ధైర్యంగ రాస్తున్న. మా గూడెం తిర్యాణి దిక్కు. మా దిక్కు గోండు, కొలాం ఇండ్లల్ల ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఉంటరు. ఇది అంటుకునే జబ్బు కాదు. అమ్మ నుంచి ఒకటి, నాయిన నుంచి ఒకటి లోపమున్న జన్యువు బిడ్డకు వస్తే వస్తది. ఎర్ర రక్తకణం గుండ్రంగ, మెత్తగ ఉండాలె. నాలాంటి వాళ్ళల్ల అది బిరుసెక్కి కొడవలి లెక్క వంగుతది. సన్నటి రక్తనాళాలల్ల ఇరుక్కుంటది. అప్పుడు కాళ్ళు, చేతులు, నడుము విపరీతంగ నొస్తయి.

నాకు డాక్టరు ఇచ్చిన మందులల్ల రోజుకొక ఫోలిక్ యాసిడ్ మాత్ర ఉన్నది. చిన్నగ, పసుపుపచ్చగ ఉంటది. అది నొప్పికి కాదు, జ్వరానికి కాదు. వేసుకున్ననాడు ఏమీ తెలువది, వేసుకోనినాడు కూడా ఏమీ తెలువది. అందుకే ఏడు, ఎనిమిది తరగతులల్ల నేను ఎన్నోసార్లు ఆ మాత్రను హాస్టల్ కిటికీల నుంచి బయటికి వేసిన. దోస్తుల ముందట రోజూ గోలి మింగాలంటే నామోషీ అనిపించేది.

పోయిన చలికాలం ఆటల పోటీలప్పుడు పొద్దంతా ఉరికిన, నీళ్ళు సరిగ తాగలేదు. ఆ రాత్రి నొప్పి లేచింది. నాలుగు రోజులు దవాఖానల ఉన్న. సెలైన్ ఎక్కించిండ్రు. నీళ్ళకు, రక్తకణానికి ఏం సంబంధం అని పండుకొని ఆలోచన చేసిన. బడికి తిరిగి వచ్చేసరికి మా క్లాసుల ప్లాస్మాపొర గుండా పదార్థాల రవాణా పాఠం నడుస్తున్నది. నా ప్రశ్నకు జవాబు ఆ పాఠంలనే దొరికింది. ఆ మాత్ర ఎందుకని సారును అడిగితే, సుబ్బారావు గారి జీవితం ఉన్న పుస్తకం లైబ్రరీల నుంచి తీసి ఇచ్చిండు. ఆ రెండింటినీ కలిపి ఈ వ్యాసం రాస్తున్న.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలో ఉండేది. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. వారికి ఏడుగురు పిల్లలు. తండ్రి ఆరోగ్యం బాగలేక సర్కారు కొలువు మధ్యలోనే మానుకున్నారు. ఇల్లు గడవడం కష్టమైంది. సుబ్బారావు గారికి పదమూడేండ్లప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి పైసలు సంపాదిద్దామని ఇంట్ల చెప్పకుండా బయలుదేరారు. తల్లి వెనుకకు తీసుకొచ్చి మళ్ళీ బడిల కూర్చోబెట్టింది. సెలవులకు ఇంటికి పోయి పత్తి చేన్లల్ల కూలికి ఆగిపోయే మనవాళ్ళకు ఈ ముచ్చట తేలికగ అర్థమైతది.

అంత పెద్ద శాస్త్రవేత్త మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి పాసయ్యారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివారు. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని అనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే జనానికి సేవ చేయవచ్చని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. చదువుకు మామగారు డబ్బు సాయం చేశారు.

అది గాంధీ గారు విదేశీ బట్టలు విడిచిపెట్టుమన్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరు వేసుకొని ఆపరేషన్ గదిలోకి పోయారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగ రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు.

ఆ రోజులల్లనే వారి ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే రోగంతో ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. స్ప్రూ అంటే ఏందో చెప్తా. మన పేగు లోపలి గోడ నిండా సన్నటి కణాలు ఉంటయి. తిన్న అన్నంల సత్తువంతా ఆ కణాల పొరలు దాటి రక్తంలోకి పోవాలె. స్ప్రూ వచ్చినవాళ్ళ పేగులల్ల ఆ కణాలు పాడైతయి. తిన్నది లోపటికి పోదు, విరేచనాల రూపంల బయటికి పోతది. కడుపు నిండా తిన్నా మనిషి చిక్కి చిక్కి చచ్చిపోతడు. కొంతకాలానికి సుబ్బారావు గారికి కూడా అదే రోగం వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారు అనే ఆయుర్వేద వైద్యులు ఆయనను బతికించారు. బాగైనంక ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. తన అన్నదమ్ములను చంపిన రోగానికి మందు ఏందన్న ఆలోచన మాత్రం ఆయనను విడవలేదు.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు సాయం చేయగా 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల వ్యాధుల గురించి చదివారు. అక్కడ ఖర్చులకు పైసలు చాలక రాత్రిపూట ఒక ఆసుపత్రిలో పోర్టరు పని చేశారు. డాక్టరు చదువు చదివిన మనిషి రోగులకు ఊడిగం చేసే పని చేసుకుంట చదువుకున్నారు. తర్వాత అదే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు.

1925లో ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి కనిపెట్టారు. కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తది. రంగు ఎంత చిక్కగ ఉంటే భాస్వరం అంత ఎక్కువ అన్నట్టు. ఈ పద్ధతికి ఇద్దరి పేర్లూ పెట్టారు. ఇన్నేండ్ల తర్వాత కూడా బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు దీన్ని నేర్చుకుంటరు.

అదే 1925లో హాలండ్ దేశంలో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల పొరల నుంచి కొవ్వును తీసి నీళ్ళ మీద పరిచి చూశారు. ఆ కొవ్వు కణాల పైభాగం కొలతకు రెండింతల జాగ పట్టింది. అంటే కణం చుట్టూ ఉన్న పొర రెండు వరుసల కొవ్వు అని తేలింది. ఆ కొవ్వు అణువుల తలలల్ల కూడా భాస్వరమే ఉంటది. తలలు నీళ్ళ దిక్కు, తోకలు లోపటి దిక్కు తిరిగి ఉంటయి. ఆ వరుసల నడుమ అక్కడక్కడ ప్రొటీన్లు తలుపుల లెక్క, పంపుల లెక్క అమరి ఉంటయి. ఈ సంగతిని 1972లో సింగర్, నికల్సన్ అనే వాళ్ళు బాగ వివరించారు.

క్లాసుల మేం చేసిన కిస్మిస్ ప్రయోగం మీకు గుర్తుండే ఉంటది. ఎండిన కిస్మిస్‌ను మంచినీళ్ళల్ల వేస్తే ఉబ్బింది. ఉబ్బినదాన్ని చిక్కటి చక్కెర నీళ్ళల్ల వేస్తే మళ్ళీ ముడుచుకుంది. నీళ్ళు పలుచటి దిక్కు నుంచి చిక్కటి దిక్కుకు పొర దాటి పోతయి. దీన్నే ద్రవాభిసరణ అంటరు. దీనికి కణం ఖర్చు పెట్టేది ఏమీ లేదు. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు కూడా ఎక్కువ ఉన్న దిక్కు నుంచి తక్కువ ఉన్న దిక్కుకు ఊకెనే పోతయి. దాన్ని వ్యాపనం అంటరు.

అయితే అన్నీ ఊకెనే పోవు. మన కణాల బయట సోడియం ఎక్కువ, లోపట పొటాషియం ఎక్కువ. సోడియం ఎప్పుడూ లోపటికి రావాలని చూస్తది. వచ్చిన సోడియాన్ని వచ్చినట్టు బయటికి తోయకపోతే, దాని వెంట నీళ్ళు వచ్చి కణం ఉబ్బి పగులుతది.

ఇది మన బెల్లంపల్లి వాళ్ళకు పుస్తకం లేకుండనే అర్థమైతది. నా దోస్తు వాళ్ళ తాత బొగ్గుబాయిల పంపు కాడ పనిచేసి రిటైరైండు. భూమి లోపట బాయిల నలుదిక్కుల నుంచి నీళ్ళు ఊరుతనే ఉంటయట. బొగ్గు తీసినా తీయకున్నా, పండుగైనా సమ్మె అయినా పంపు ఆగొద్దట. పంపు ఆగితే బాయి మునుగుతది. మన ఒంట్ల ప్రతి కణం ఒక బాయి లెక్క. దాని పొరల పంపులు రాత్రింబవళ్ళు నడుస్తనే ఉంటయి. మనం నిద్రపోయినా అవి నిద్రపోవు.

మరి పంపు నడవాలంటే కరెంటు కావాలె గద. కణంల కరెంటు ఏది? ఇక్కడికి మళ్ళీ సుబ్బారావు గారు వస్తరు.

ఆ కాలంల కండరానికి శక్తి ఎట్ల వస్తదన్న పరిశోధనకు 1922లో హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి నోబెల్ బహుమతి ఇచ్చారు. లాక్టిక్ ఆమ్లమే అసలు కీలకమని అందరూ నమ్మారు. ఫిస్క్, సుబ్బారావు తమ భాస్వరం కొలతతో కండరాన్ని పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేశారు. దాన్నే మనం ఏటీపీ అని చదువుతున్నం. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని విడిగా కనుక్కున్నారు. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు గొలుసు లెక్క ఉంటయి. చివరిది తెగితే శక్తి వస్తది. మళ్ళీ తిండి శక్తితో ఆ ఫాస్ఫేటును అతికిస్తే ఏటీపీ మళ్ళీ తయారు. ఈ అతికించే పని ఎక్కువగ మైటోకాండ్రియాలల్ల జరుగుతది. అట్ల రోజంతా మన ఒంట్ల తెగి, అతికిన ఏటీపీని కలిపి తూకం వేస్తే దాదాపు మన బరువంత అయితదట.

ఆ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ కనిపెట్టారు. ఒక్క ఏటీపీ ఖర్చు పెట్టి అది 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపటికి తెస్తది. దానికి 1997లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పేగు కణాలల్ల గ్లూకోజు సోడియం చేయి పట్టుకొని లోపటికి వస్తది. వెనుక ఈ పంపు నడిస్తేనే అది సాధ్యం. అందుకే విరేచనాలు అయితే ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాపుతరు. అన్నింటికీ కూలి మాత్రం ఏటీపీయే. ఆ కూలి లేకుంటే పేగు కణం, గుండె కణం, మెదడు కణం ఏదీ నడువది.

ఇంత పని చేసినా సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో పర్మనెంటు ఉద్యోగం దొరకలేదు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ తర్వాత పదేండ్లు కూడా చిన్న పదవిలోనే ఉండిపోయారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ ఊరికి పోయి లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధనలకు పెద్ద అయ్యారు.

ఇక నా పసుపు మాత్ర సంగతి. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయికి వచ్చి గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరీక్షించారు. ఈస్టుల, కాలేయంల ఏదో పదార్థం ఉన్నది, అది రక్తాన్ని బాగుచేస్తున్నదని 1931లో చెప్పారు. ఆ పదార్థం ఏందో తేలడానికి ఎన్నో ఏండ్లు పట్టింది. 1940 తర్వాత సుబ్బారావు గారి బృందం కాలేయం నుంచి దాన్ని శుద్ధిగా తీసింది. 1945లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. కొత్త కణం పుట్టాలంటే కేంద్రకంల డీఎన్ఏ రెండు కావాలె. దానికి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. రక్తకణాలు పుట్టే మూలుగల, కొన్ని రోజులకొకసారి మారే పేగు పొరల దీని అవసరం ఇంకా ఎక్కువ. స్ప్రూ రోగులకు దీన్ని ఇస్తే కోలుకున్నరు. అన్నదమ్ములు పోయిన ఎన్నో ఏండ్లకు వాళ్ళను చంపిన రోగానికి మందు ఆయన చేతి మీదుగనే వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

అంతటితో ఆగలేదు. ఫోలిక్ యాసిడ్ కణాలను పెంచితే, దాన్ని అడ్డుకునే పదార్థం క్యాన్సరు కణాలను ఆపుతది గద అని ఆ పదార్థాలనూ ఆయన బృందం తయారుచేసింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న 16 మంది పిల్లలకు వాటిల ఒకదాన్ని ఇచ్చారు. 10 మందికి కొంతకాలం మెరుగైందని 1948లో ప్రకటించారు. ఆ జాతి మందే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ వాడుతున్నరు. బోదకాలుకు ఇచ్చే డీఈసీ మందు 1947లో వచ్చింది కూడా వాళ్ళ దగ్గర నుంచే. కరీంనగర్ దిక్కు ఊర్లల్ల ఇంటింటికీ పంచిన గోలీలు అవే. ఆయన కిందనే పనిచేసిన డుగ్గర్ అనే డెబ్బై దాటిన శాస్త్రవేత్త ఆరియోమైసిన్ కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందులల్ల అది మొట్టమొదటిది.

1948 ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పుడాయన వయసు 53 ఏండ్లు. 1922లో పోయిన మనిషి మళ్ళీ స్వదేశానికి రాలేదు. శేషగిరి గారు ఇక్కడ ఎదురుచూస్తనే ఉండిపోయారు. పుట్టిన ఒక్క కొడుకు పసితనంలనే పోయిండు. ఈ సంగతి కూడా రాయాలె అనిపించింది. గొప్పవాళ్ళ గొప్పతనానికి ఇంట్లవాళ్ళు కూడా కూలి కట్టినట్టే. ఆయనకు నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది.

ఇగ నా ప్రశ్నకు జవాబు. మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతది. నా కణాలు చాలావరకు 10 నుంచి 20 రోజులే బతుకుతయి. అందుకే నా మూలుగ అందరికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కణాలను పుట్టించాలె. దానికి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ కావాలె. నేను కిటికీల నుంచి వేసింది నా మూలుగ చేతిల పనిముట్టును. ఇంకొకటి, సికిల్ కణం పొర నుంచి పొటాషియం బయటికి కారుతది. దాని వెంట నీళ్ళు పోతయి. చక్కెర నీళ్ళల్ల కిస్మిస్ ముడుచుకున్నట్టు కణం ఎండుతది. లోపట హిమోగ్లోబిన్ చిక్కగై గడ్డకట్టినట్టు కడ్డీలైతది, కణం వంగుతది. అందుకే నీళ్ళు బాగ తాగుమంటరు, చలిల జాగ్రత్తగ ఉండుమంటరు. పసుపు మాత్ర ఈ జబ్బును మాన్పది. కాని అది లేకుంటే కొత్త రక్తం పుట్టుడు కష్టమైతది.

ఈ ఏడాది మా తమ్ముడు అయిదో తరగతిల చేరిండు. వానికి కూడా ఇదే జబ్బు. మొన్న వాడు మాత్రను జేబుల దాచుకొనుడు చూసిన. నేను కొట్టలేదు, తిట్టలేదు. గిన్నెల కిస్మిస్ వేసి చూపించిన. పొద్దుగూకేదాక వాడు దాన్నే చూసుకుంట కూర్చున్నడు. తెల్లారి నా ముందట మాత్ర వేసుకొని, చెంబెడు నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించిండు.

మిత్రులారా, వారం వారం మనందరికీ ఇచ్చే నీలం మాత్రల ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటది. ఎవరి మాత్ర వాళ్ళే, డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలె. హాస్టల్ వెనుక చెట్ల కింద నీలం మాత్రలు పడి ఉన్నయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఒక పిల్లగాడు సముద్రాలు దాటి, రాత్రుళ్ళు పోర్టరు పని చేసి, అన్నదమ్ముల చావును మరిచిపోక సంపాదించి పెట్టిన మందు అది. దాన్ని మట్టిల కలపొద్దు. సికిల్ సెల్ పరీక్ష చేయించుకోనివాళ్ళు భయపడక చేయించుకోండ్రి. నా పక్కన మంచం ఖాళీగనే ఉన్నది. ఏమన్న అడగాలంటే వచ్చి కూర్చోండ్రి, చెప్తా.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదో తరగతి,
బెల్లంపల్లి.